గూడూరు బండి ఇంకా రాలేదు

బెజవాడ వెళ్ళే బస్సు వచ్చింది, ఆగింది, ఇద్దరిని దింపి నల్లటి పొగ వదులుకుంటూ వెళ్ళిపోయింది. దిగిన ఇద్దరిలో ఒకామె కూరల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ "ఏం ప్రభావతమ్మా, పిల్లల బండి ఇంకా రాలేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే కాలవ వంతెన మీదుగా ఊళ్ళోకి నడిచిపోయింది. రాలేదని కనపడుతూనే ఉందిగా, వచ్చి ఉంటే ఈ చప్టా గోడ మీద నేనెందుకు కూర్చుంటాను, అనుకుంది ప్రభావతి. ఆమె వంతెన దాటి మలుపు తిరిగాక గానీ తోచలేదు, బందరు నుంచి వచ్చే బస్సే కదా, దారిలో ఎక్కడైనా జట్కా కనపడిందా అని ఎదురడగాల్సింది. ఇప్పుడు పరుగెత్తి అడగబోతే ఆ లోపల బండి వచ్చేస్తే? కొడుకు దానం దిగి, చప్టా మీద అమ్మ లేకపోవడం చూస్తే? రానియ్, ఇంకాసేపు చూద్దాం. గోడ ఇంకా వెచ్చగానే ఉంది. క్రిస్మసు నెల వచ్చినా పగటి ఎండకి ఈ సున్నపు గోడ వేడెక్కి, పొద్దు వాలినా ఆ వేడిని కాసేపు దాచుకుంటుంది. రోడ్డుకి అటు కోసిన చేలు, ఇటు కాలవ, మధ్యలో బందరు దాకా తిన్నగా పోయిన దారి. ఆ దారి చివర ఏదో నల్లటి చుక్క. గుర్రమేమో. కాదు, గేదె.

బాలస్వామి బండి తోలిన రోజుల్లో ఇలా కూర్చోవలసిన పనే ఉండేది కాదు. గుర్రం మెడలో మువ్వలు అంత దూరాన వినపడగానే, అన్నం వార్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, చెప్పులేసుకుని ఆమె బయల్దేరితే, బండీ తనూ ఒక్కసారే చప్టా దగ్గరికి చేరేవాళ్ళు. ముసలాయనకి తెల్లటి మీసం, తలకి ఎర్ర తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక పాట. పొద్దున్నే దానాన్ని ఎక్కించుకుని, దారిలో ఊరికొకరు చొప్పున పిల్లల్ని ఎత్తి కూర్చోబెట్టుకుంటూ బందరులో చర్చి వెనక రెండు గదుల్లో నడిచే చెవిటి పిల్లల బడికి చేర్చేవాడు. సాయంత్రం మళ్ళీ ఒక్కొక్కరినే దించుకుంటూ వచ్చి చివరికి దానాన్ని దించేవాడు. ఒకసారి ఆమె నవ్వుతూ అడిగింది, "బాలస్వామిగారూ, బండిలో ఒక్కరికీ వినపడదు కదా, ఎవరికోసమండీ ఇంత పాట?" అని. "నా గుర్రానికి వినపడుద్దిగా అమ్మా" అన్నాడు. అన్నాడే గానీ, పాడేటప్పుడు కర్రతో బండి చట్రం మీద తాళం వేసేవాడు. పిల్లలు అరచేతులు బల్లకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ అదురుని పట్టుకునేవాళ్ళు. దానం ఇంటికొచ్చాక కూడా మంచం పట్టె మీద, బియ్యం డబ్బా మీద, నానమ్మ వీపు మీద అదే తాళం కొట్టేవాడు. వానాకాలంలో ముసలాయన చూపు బొత్తిగా మందగించి, ఎదురొచ్చే లారీ పక్కకి వచ్చేదాకా కనపడక, తనంతట తనే బండి దిగిపోయాడు. గుర్రాన్ని అమ్మేసి అవనిగడ్డలో కూతురి దగ్గరికి వెళ్ళే రోజున చప్టా మీద నిలబడి దానం రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. వీడికేం అర్థమయిందో, మర్నాడు పొద్దున బండిలో కొత్త మనిషిని చూసి ఎక్కనని కూర్చున్నాడు.

కొత్త మనిషి ఏడుకొండలు. చెడ్డవాడనలేం, పిల్లల్ని కసిరేవాడూ కాదు. కానీ అతని బండి అతని ఇష్టం. బజారులో మంచి కిరాయి తగిలితే పిల్లల సంగతి గుర్తుండదు. ఒకరోజు గుర్రానికి లాడం ఊడిందంటాడు, ఒకరోజు ఇరుసు అంటాడు, ఒకరోజు ఏమీ అనడు, రాడంతే. రాని పొద్దుల్లో దానం ఈ గోడ మీదే కూర్చుంటాడు, జుట్టు పాపిడి తీసి, పలకా అన్నం గిన్నే ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఇవాళ బండి రాదు, ఇంటికి పోదాం అని చేత్తో సైగ చేస్తే కదలడు. ఆ కూర్చోవడం చూడలేక ఒకసారి బస్సెక్కిద్దామని చెయ్యెత్తి ఆపింది. కండక్టరు పిల్లాడి వంక చూసి, "మాటలు రావా? ఒక్కణ్ణి ఎక్కిస్తే ఎట్లాగమ్మా, వీడెక్కడ దిగాలో వీడు చెప్పలేడు, నేను దింపడం మర్చిపోతే ఎవరిది పూచీ?" అన్నాడు. తప్పేముంది అతని మాటలో. బండి రాని రోజున కొన్నాళ్ళు తనే బస్సులో తీసుకెళ్ళి దింపి వచ్చింది గానీ, చంటిది పాలకి ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. అత్తగారు అచ్చమ్మ, మంచావిడే, పైకి కటువు. "ఎందుకే ఆ యాతన? చెవులు రానివాడు చదివి ఏం చెయ్యాలి? రేపు ఆ బండివాడు ఎక్కడో వదిలేసిపోతే, నాది ఫలానా ఊరని చెప్పుకునే నోరైనా లేదే వాడికి" అంటుంది. గుడివాడలో మిల్లు గుమాస్తా అయిన భర్త కృపావరం శనివారం శనివారం వస్తాడు. పోయిన వారం అన్నం తింటూ, తల ఎత్తకుండా, "ఇంకొక్కసారి ఆ బండి ఎగ్గొట్టిందంటే మానిపించేద్దాం ప్రభా" అన్నాడు. ఆమె మజ్జిగ పోసింది. ఏదో ఒకటి అనాల్సింది. ఏమని?

రాకపోవడం, రావడం, ఎదురుచూడడం. ఒకప్పుడు ఎదురుచూడడం ఎంత బాగుండేది! దివిలో నాగాయలంక అవతల వాళ్ళ ఊరు. నాన్న దేవసహాయం ఉపదేశి, ఆదివారాలు తాటాకు గుడిలో ప్రార్థన చేయించి, మిగతా రోజుల్లో పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. ఆమెని బందరు హాస్టల్లో వేశాక, సెలవులైపోయిన ప్రతిసారీ ఆయనే దిగబెట్టేవాడు. చీకటితోనే బయల్దేరి, రేకు పెట్టె ఆయన నెత్తిన, గొడుగు ఆమె చేతిలో, గట్ల వెంబడి నడిచి నడిచి కృష్ణ రేవుకి చేరేసరికి ఇసక చల్లగా పాదాలకి తగిలేది. పడవ అవతలి ఒడ్డున ఉండేది. మనుషులు నిండితే గానీ పడవవాడు కదిలేవాడు కాదు. నాన్న పెట్టె దించి, దాని మీద ఆమెని కూర్చోబెట్టి, తను ఇసకలో గొంతుక్కూర్చుని, చుట్టూ పోగైన వాళ్ళతో మాట కలిపేవాడు. కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం దేవుడికి మొక్కు తీర్చుకోవడానికి గుండు చేయించబోయే పిల్లాడితో వెళ్ళే తల్లి, తాటి ముంజెల గంప, దూడని ఎత్తుకున్న రైతు, కొత్త పెళ్ళికూతురు, ఎవరో ఒకరు. జీళ్ళవాడు వస్తే రెండు కొని రెండూ ఆమెకే ఇచ్చేవాడు. పడవ రాకూడదు రాకూడదు అని ఆమె లోపల లోపల ప్రార్థన చేసేది. వచ్చిందంటే చల్లపల్లి బస్సు, ఆ తర్వాత బందరు, ఆ తర్వాత హాస్టలు గేటు, గేటు దగ్గర నాన్న వెనక్కి తిరగడం. రాలేదంటే ఇంకాసేపు నాన్న. ఆలస్యమంటే నాన్న భుజం మీద చెమటవాసన, జీడి తీపి, ఏటి మీద పొద్దు ఎర్రగా సాగడం. ఒకసారి పడవ మధ్యాహ్నం దాకా రాకపోతే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఇద్దరూ తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పుకున్నారు, అంత రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. హాస్టల్లో ఆలస్యానికి మందలిస్తారని ఆమె అంటే, "నేను చెప్తాలేమ్మా" అన్నాడు. నేను చెప్తాలే. ఆ ఒక్కమాటతో ఎంత నిశ్చింత! ఆయనకి లోపల ఏం ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. నవ్వుతూ జీళ్ళు కొనిపెడుతూనే బస్సు తప్పిపోతుందేమో, ఆడపిల్లతో రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో అని ఆయనా అవతలి ఒడ్డుకేసి ఇలాగే చూసి ఉంటాడు, కళ్ళు చికిలించి. తను చూడలేదంతే. పిల్లలు చూడరు.

దానానికి పెద్ద జ్వరం వచ్చినప్పుడు రెండో ఏడు నిండింది. అప్పటికి అమ్మ, తాత, పాపం, పాలు, అన్నీ అనేవాడు, "లే లే లే" అని పొద్దున్నే పక్కలో అరిచి అందరినీ లేపేవాడు. జ్వరం తగ్గి లేచాక ఆ మాటలు ఒక్కొక్కటే ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. మొదట ఎవరికీ తెలియలేదు, నీరసం అనుకున్నారు. ఒక మధ్యాహ్నం వాడు వసారాలో గోడవైపు తిరిగి ఆడుకుంటుంటే, వెనక ఆమె చేతిలోంచి ఇత్తడి పళ్ళెం గచ్చు మీద పడింది. పక్కింటి కుక్క లేచి మొరిగింది. వాడు తిరగలేదు. ఆమె పళ్ళెం తీసి మళ్ళీ పడేసింది, కావాలనే. మళ్ళీ. అచ్చమ్మ వంటింట్లోంచి వచ్చి కోడలి చేతిలో పళ్ళెం మెల్లిగా లాక్కుని అక్కడే గచ్చు మీద చతికిలబడింది. అంతే, ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఆ పళ్ళెంలో తినలేదు. కబురు తెలిసి నాన్న వచ్చాడు. మనవణ్ణి భుజాన వేసుకుని కాలవ గట్టున అటూ ఇటూ తిరిగాడు, వాణ్ణి దించి వెళ్ళిపోయాడు. చాలాకాలానికి ముసురుపట్టిన ఒక సాయంత్రం గొడుగు మడిచి గుమ్మంలో నిలబడి, "ప్రభా, బందరులో మన దానం లాంటి పిల్లలకి బడి పెట్టారే. మాట నేర్పుతారంట, చెవితో కాదు, కంటితో" అన్నాడు. దానికోసమే ఏరు దాటి వచ్చాడు. ఆ రాత్రి ఉండమన్నా ఉండలేదు. ఎండాకాలంలో పోయాడు నాన్న. ఇప్పుడు రేవుకి వెళ్ళినా ఎదురుచూడడానికి ఎవరున్నారు అవతల.

కంటితో మాట. అదెలాగో ఆమెకి అర్థంకాలేదు బడి మెట్లెక్కేదాకా. దేవమ్మ టీచరు, సన్నగా, తెల్లచీర, నుదుటి మీద చెమట, దానాన్ని దగ్గరికి తీసుకుని, వాడి చేతిని తన గొంతు మీద పెట్టుకుని, పెదాలు గుండ్రంగా చుట్టి "ఊ" అంది. వాడు అదిరిపడి చెయ్యి తీసేసుకున్నాడు. మళ్ళీ తనే పెట్టాడు. ఇంటికొచ్చి అమ్మ గొంతు, నానమ్మ గొంతు, చంటిదాని గొంతు, అందరివీ పట్టి చూశాడు, గాబు దగ్గర నీళ్ళు తాగే దూడది కూడా. కొన్నాళ్ళకి వాడి గొంతులోంచి చప్పుళ్ళు మొదలయ్యాయి, పొడుగ్గా, ముక్కుతో, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో తెలియని చప్పుళ్ళు. "అమ్మ" అనేవాడు, అది "అమ్మ" అని ఆమెకే తెలిసేది, అచ్చమ్మకి కూడా తెలిసేది కాదు. ప్రతి సాయంత్రం అద్దం ముందు తల్లీ కొడుకూ కూర్చుని నోళ్ళు తెరుచుకుని మూసుకునేవాళ్ళు. తర్వాత ఒకరోజు వీధిలో పిల్లలు వాడి కేకని అనుకరించి పడీ పడీ నవ్వారు. వాడికి వినపడలేదు, నవ్వే మొహాలు కనపడ్డాయి. అంతే, నోరు మూసుకున్నాడు. బయటివాళ్ళ ముందు చప్పుడు చెయ్యడం మానేశాడు, ఈ మధ్య ఇంట్లోనూ మానేశాడు. అద్దం ముందుకి రమ్మంటే మొహం తిప్పుకుంటాడు. బడిలో మాత్రం పలుకుతున్నాడనే అంటుంది దేవమ్మ టీచరు. మీరు కంగారుపడకండి, పంపడం మాత్రం మానకండి అంటుంది. పంపడమే కదా అసలు కష్టం! బండి అంటూ వస్తే కదా పంపడం.

పొద్దు ఎప్పుడు దిగిపోయిందో. గోడ చల్లబడింది. చేల మీద పొగమంచు పల్చగా లేచింది, కాలవ నీళ్ళు ఇంకా కాస్త వెలుతురు పట్టుకుని ఉన్నాయి. ప్రభావతి లేచింది. ఇంతసేపు నాన్న దగ్గర, రేవు దగ్గర ఎలా కూర్చున్నాను, పిల్లాడు రాకపోతే? కాళ్ళు అప్పటికే బందరు వైపు నడుస్తున్నాయి. వెనక నుంచి లారీ వస్తే వాడికి వినపడదు. కాలవ గట్టు మీద నడుస్తున్నాడేమో, జారితే కేకేసే గొంతు కాదు వాడిది, వేసినా ఏ గేదో అనుకుంటారు. బండి బోల్తాపడిందేమో. లేదు, బండి దిగి పొలాల్లోకి పోయాడేమో. ఎదురుగా సైకిలు మీద ఒకతను వస్తుంటే రోడ్డు మధ్యకి వెళ్ళి ఆపింది.

"బాబూ, ఏడుకొండలు జట్కా ఎక్కడైనా చూశావా? పిల్లలుంటారు అందులో."

"ఏడుకొండలా? అడ్డరోడ్డులో పెడన స్టేషను వైపు పోతుంటే చూశానండీ. పెళ్ళివాళ్ళున్నారు బండి నిండా. రైలందుకోవాలని తొందరలో ఉన్నారు. పిల్లలెవరూ లేరే."

పిల్లలెవరూ లేరు. సైకిలు వెళ్ళిపోయింది. ఆమె పరుగెత్తింది. చెప్పులు అడ్డం వస్తే విప్పి చేత్తో పట్టుకుంది. మిగతా వాళ్ళ ఊళ్ళు బందరుకి దగ్గర, వాళ్ళు ముందే దిగిపోయి ఉంటారు, మిగిలేది వీడొక్కడే ఎప్పుడూ, ఎంత అన్యాయం, దూరంగా ఉన్నవాడే చివరి దాకా మిగలాలి. అడ్డరోడ్డు దగ్గర దించి, ఇక్కడే ఉండమని చెయ్యి చూపించి పోయి ఉంటాడు. నాలుగు దారులు అక్కడ. ఎటు నడుస్తాడు? ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకుపోతే? నీ పేరేంటంటే, నీ ఊరేంటంటే, అత్తగారన్నది అదే, అదే మాట, ఎన్నాళ్ళనుంచో అదే. దేవా, ఈ ఒక్కసారికి వాణ్ణి నాకు చూపించు, ఇంక పంపను, ఏ బండీ ఎక్కించను, ఇంట్లోనే ఉంచుకుంటాను, నేనున్నంత కాలం నేనే వాడి నోరు. నేను పోయాక? ఆ ప్రశ్న దగ్గర ఊపిరి అందక ఆగిపోయింది. ఎదురుగా రోడ్డంతా ఆక్రమించుకుని గడ్డిబండి వస్తోంది, కింద ఊగుతున్న లాంతరు వెలుగులో ఎద్దుల కాళ్ళు మాత్రమే కనపడుతూ.

బండి ముందు దుప్పటి కప్పుకున్న పెద్దమనిషి పగ్గాలు బిగించి ఆపాడు. నిడుమోలు రైతు గంగాధరరావు గారు, ఊళ్ళో చర్చి పక్క పొలం ఆయనదే. ఎప్పుడూ మాట్లాడలేదు, మొహం తెలుసు.

"ఏమ్మా, చీకట్లో ఆ పరుగేంటి? పిల్లాడి కోసమా? ఇదిగో, పైన గడ్డిలో ఉన్నాడు చూడు."

గడ్డి మీద బోర్లా పడుకుని తల కిందికి వేలాడేసి చూస్తున్నాడు దానం. జుట్టు నిండా గడ్డిపోచలు. ఆమెని చూడగానే జారి దిగి, కడుపుకి తల ఆనించి ఒక్క క్షణం నిలబడి, వెంటనే దూరం జరిగి రెండు చేతులతో కళ్ళెం లాగుతున్నట్టు, కొరడా ఝళిపించినట్టు, ఏడుకొండలు ఎటు పోయాడో, తను ఎంతసేపు నిలబడ్డాడో కోపంగా చూపించడం మొదలుపెట్టాడు. ఆమె బండి చక్రం పట్టుకుంది.

"అడ్డరోడ్డులో ఒక్కడే నిలబడున్నాడమ్మా" అన్నాడు గంగాధరరావు. "ఎవరబ్బాయివిరా అంటే పలకడు. పేరేంట్రా అంటే పలకడు. సరే, బండి దిగి ఎదురుగా నిలబడి, ఏ ఊరు అబ్బాయ్, అని గట్టిగా అడిగా. నా మొహంలోకి తేరిపారా చూసి, అప్పుడు చెప్పాడు గూడూరని. అయితే ఎక్కరా, మన దారేగా అని ఎక్కించుకున్నా."

"చెప్పాడా?" అంది ప్రభావతి.

"ఆఁ. గూడూరు అన్నాడు. గొంతు కాస్త జలుబు చేసినట్టుంది గానీ."

"నోటితోనా అండీ? చేత్తో చూపించాడా?"

"నోటితోనే. అదేం మాటమ్మా? చేత్తో ఊరి పేరు ఎట్టా చెబుతారు? ఆ తర్వాత మాత్రం దారంతా నేను పలకరిస్తానే ఉన్నా, ఒక్కదానికీ ఊఁ అంటే ఒట్టు. పొగరనుకున్నా, లేకపోతే బండివాడి మీద అలకనుకున్నా."

"వాడికి వినపడదండీ" అంది ఆమె.

గంగాధరరావు దుప్పటి సర్దుకోబోతున్నవాడు ఆగిపోయాడు. పిల్లాడి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "మరి నేనడిగింది..." అని సగంలో ఆపి, బండి దిగి, వంగి కింద వేలాడే లాంతరు కొక్కెం నుంచి తీశాడు. దాన్ని పిల్లాడి మొహం దగ్గర కాదు, తన మొహం దగ్గరే ఎత్తి పట్టుకున్నాడు, నెరిసిన గడ్డం, పొగాకు పెదాలు వెలుగులో బాగా కనపడేటట్టు. మెల్లిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి, "ఏ ఊరు బాబూ మనది?" అని అడిగాడు.

దానం ఆ పెదాల్ని చూశాడు. తర్వాత, ఇంత వయసొచ్చి ఇదేం ప్రశ్న అన్నట్టు కనుబొమలు ముడిచి, కాలవ అవతల మినుకుమినుకుమనే ఊరి దీపాల వైపు చెయ్యి విసురుగా చూపించాడు. కడుపు తడుముకుని, ఆకలి అని సైగ చేసి, తల్లి కొంగు పట్టి లాగాడు.

గంగాధరరావు పెద్దగా నవ్వాడు. "నిజమేలే. కనపడుతుంటే చెప్పడం దేనికి?" లాంతరు మళ్ళీ కొక్కేనికి తగిలించి, "చక్కగా చెప్పాడమ్మా. నేను విన్నా. ఇంట్లో చెప్పు, నేను విన్నానని" అని ఎద్దుల్ని అదిలించాడు.

బండి ఊగుకుంటూ ముందుకి సాగింది. దాని వెనకే ఇద్దరూ నడిచారు. దానం ఆమె చెయ్యి వదిలించుకుని రెండడుగులు ముందు నడుస్తున్నాడు, రాలిన గడ్డిపోచల్ని కాలితో చిమ్ముతూ. రేపు ఏడుకొండలు వస్తే వస్తాడు, రాకపోతే బస్సే. ఆ కండక్టరు ఎదురుగా వీణ్ణి నిలబెట్టి, మొహం చూపించి అడగవయ్యా, ఎక్కడ దిగాలో వాడే చెప్తాడు అంటుంది. చెప్పకపోతే మళ్ళీ ఎల్లుండి. కృపావరం శనివారం వచ్చి తల వంచుకుని అన్నం కలుపుకునేటప్పుడు మజ్జిగ పొయ్యదు, ముందు ఈ మాట చెప్తుంది. అచ్చమ్మకైతే ఇప్పుడే, గుమ్మంలోనే. ఆమెకి హఠాత్తుగా గుర్తొచ్చింది, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఎవరైనా మీదే ఊరమ్మా అని అడిగితే తన నోట మొదట దివి అనే వస్తుంది, తర్వాతే నాలిక కరుచుకుని దిద్దుకుంటుంది. చీకట్లో ఎవరికీ కనపడకుండా పెదాలు గుండ్రంగా చుట్టింది. గూ. గొంతు మీద చెయ్యి పెట్టుకుంది, అరచేతికి అదురు తగిలింది. గూడూరు, అంది ప్రభావతి, పైకే అంది. ముందు నడుస్తున్న పిల్లాడు వెనక్కి తిరగలేదు. ఆమె అడుగులు పెద్దవి చేసి వాణ్ణి అందుకుంది.